కొసరుకు ఒక గడి

అడిగింది ఇవ్వనందుకు తిట్లు తిన్నవాళ్లు మీకు వీధికి పదిమంది దొరుకుతారు. అడిగింది అడిగినట్టు, ఒక్క కాయ తగ్గకుండా, గడప దగ్గరికి తెచ్చి ఇచ్చినందుకు తిట్లు తిన్నవాడు మాత్రం నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య నేనొక్కడినే. ఆ తిట్లు కూడా అల్లాటప్పావి కావు. ఒక కాలనీ మొత్తం ఒక్కటై, ఆదివారం పూట, తలస్నానాలు చేసి మరీ వచ్చి తిట్టింది. ఆ ముచ్చట ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, ఇప్పుడైతే నేనేమీ అనుకోను. అప్పట్లో మాత్రం వారం రోజులు కంచంలో కూర వైపు చూడాలంటేనే భయమేసింది. ఆ కారణం కూడా వస్తుంది, తొందరపడకండి.

రెండువేల ఐదారు నాటి మాట ఇది. నంద్యాలలో కంప్యూటర్ల డిగ్రీ ముగించుకుని, లోకాన్ని ఎక్కడి నుంచి బాగుచేయాలా అని చూస్తూ ఊరికి తిరిగొచ్చాను. మా ఊరు ఆళ్లగడ్డకు ఆటో దూరం. కాలువ కింద రెండెకరాల్లో నాయన కూరగాయలు పండించేవాడు. వంకాయ, బెండ, బీర, టమోటా, మీరు గోరుచిక్కుడు అనే మటిక్కాయ, గట్ల మీద నాలుగు గుమ్మడి పాదులు. కోసిందాంట్లో ఎక్కువ భాగం నంద్యాల మార్కెట్‌కు పోయేది. మిగిలింది అమ్మ ఆళ్లగడ్డ సంతలో గోనెపట్ట పరుచుకుని అమ్మేది.

అమ్మ దగ్గర కొన్నవాళ్లు మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు. కారణం కొసరు. తూకం అయ్యాక అమ్మ చెయ్యి పక్క గంపలోకి పోయేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు రెండు లేత వంకాయలు, నీళ్లోసుకున్న కోడలికి ఒక పుల్ల మామిడికాయ, దగ్గుతున్న ముసలాయనకు ఒక అల్లం కొమ్ము. నేను పక్కన కూర్చుని ఇదంతా చూసి, పండించిన పంట ఊరికే పోతోందే అని లోపల కుమిలిపోయేవాడిని. ఆ గంపలోకి చెయ్యి పోయే ముందు ఇద్దరి మధ్యా జరిగే తతంగాన్ని మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. నా పతనం మొత్తానికీ మూలం అక్కడుంది.

ఇదిలా ఉండగా నాయన నా భవిష్యత్తు నిర్ణయించాడు. మిడుతూరులో మా మేనమామకు ఎరువుల కొట్టు ఉంది. మామ మంచివాడు. ఆ మాట ముందు చెప్పేసి తక్కినది చెబుతాను. ఆయనకు ఎప్పుడో కడుపు ఆపరేషన్ అయింది. కొట్టుకు వచ్చిన ప్రతి రైతుకూ ఆయన ఆ ఆపరేషన్‌ను మత్తుమందు దగ్గర మొదలుపెట్టి కుట్లు విప్పేదాకా చెబుతాడు. అనుమానం ఉన్నవాళ్లకు చొక్కా ఎత్తి చూపిస్తాడు. యూరియా బస్తాల మధ్య కూర్చుని ఆ కథ రోజుకు పదిహేనుసార్లు వినడమే నేను చదివిన చదువుకు ఫలమని నాయన తేల్చాడు. నేను మూడు రోజులు అలిగాను. నాలుగోరోజు కాళ్లు పట్టుకున్నంత పని చేసి నా పథకం చెప్పాను.

పథకం ఇది. నంద్యాలలో ఉద్యోగస్తులుండే కాలనీ ఒకటి చూసుకుంటాను. వాళ్లు గురువారం లోపల కంప్యూటర్లో తమకేం కావాలో రాసి పంపుతారు. శనివారం మనం ఆ మేరకే కోస్తాం. ఆదివారం పొద్దున వాళ్ల ఇళ్లకు చేరుస్తాం. మధ్యలో దళారి ఉండడు, మిగిలిపోయి వాడిపోయేది ఉండదు. నాయన అంతా విని, వక్క కొరుకుతూ కాసేపు కాలువ వైపు చూశాడు.

"మూడు ఆదివారాలు ఇస్తా," అన్నాడు. "శనివారం కోసింది కోసినట్టు నీ చేతిలో పెడతా. అమ్ముకుంటావో, ఆవుకేస్తావో నీ ఇష్టం. మూడూ అయినంక సోమవారం పొద్దున నేను చెప్పిందే మాట. ఈడుండమంటే ఈడుంటావు. లేదంటే తొమ్మిదింటి బస్సుకు మిడుతూరు పోతావు."

నా చదువూ, నా పరువూ, నా చెవులూ మూడు ఆదివారాల మీద ఆధారపడ్డాయి.

నాతో డిగ్రీ చదివిన బాషా అప్పటికే నంద్యాల బస్టాండు వెనక సందులో నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. వెబ్‌సైట్ వాడే తయారుచేశాడు. పైన టమోటాల ఫొటో కావాలంటే ఇంటర్నెట్‌లో వెతికి ఒకటి పెట్టాడు. ఏ దేశానివో గాని ఆపిల్ పండ్లలా నిగనిగలాడుతున్నాయి. అమ్మను తీసుకెళ్లి గర్వంగా చూపిస్తే, "ఇవి మనవి కాదు గదా," అని ఒక్క మాట అని, ఏసీ చల్లగాలికి కొంగు కప్పుకుని కూర్చుంది. వెబ్‌సైట్ అడుగున నేను సొంతంగా రెండు వాక్యాలు రాసి, ఎర్ర రంగు వేయించాను. బేరం లేదు. కొసరు లేదు. ఆ రెండూ చదువుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఆ కాలనీలో ఇంజినీరింగు చదివే పిల్లలున్న ఇళ్లన్నిటికీ కంప్యూటర్ ఉండేది. లేనివాళ్లు బాషా సెంటర్‌కు వచ్చి చెబితే వాడు టైపు చేసేవాడు, వాళ్ల దగ్గర గంట అద్దె తీసుకోకుండా. మొదటి వారమే ముప్పై ఇళ్లు ఆర్డరిచ్చాయి. బాషా వాళ్ల బావది లగేజీ ఆటో ఉంటే దాంట్లో సంచులు పేర్చుకుని, బాషా నడుపుతుంటే నేను ముందు సీటులో ఎమ్మెల్యేలాగా కూర్చుని బయల్దేరాను.

మొదటి ఇల్లు పద్మావతమ్మ గారిది. హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. కాలనీలో ఆమె మాటకు తిరుగు లేదు. ఆమె సంచి తీసుకుని, వంకాయలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశారు. బెండకాయల తోకలు విరిచి చూశారు. అంతా బాగుంది. తర్వాత సంచి అడుగున చూశారు. నా వెనక చూశారు. నా చేతులు చూశారు.

"ఇంకేంది?" అన్నారు.

"ఇంకేమీ లేదు మేడం. మీరు రాసినవన్నీ వచ్చినాయి."

"కొసరు?"

"కొసరు లేదని వెబ్‌సైట్‌లో రాసినాం మేడం. ఎర్రక్షరాలతో."

"చదివినాలే. బస్సులో ఉమ్మరాదని గూడా రాసింటారు," అని ఆమె నా వైపు అదోలా చూసి తలుపేసుకున్నారు.

ముప్పై ఇళ్లలో ఇరవై ఎనిమిది ఇళ్లు ఇదే ప్రశ్న అడిగాయి. తక్కిన రెండిళ్లకు తాళం వేసి ఉంది. తర్వాతి మంగళవారానికి వచ్చిన ఆర్డర్లు అయిదు. అందులో ఒకటి బాషా వాళ్లమ్మది.

మీరైతే ఏం చేసేవాళ్లు? సంచికి నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర కట్ట వేసేసి ఊరుకునేవాళ్లు. అది మామూలు మనుషుల ఆలోచన. నేను కంప్యూటర్ల డిగ్రీ వాడిని. అందరికీ ఒకే కొసరు వేస్తే అన్యాయం కదా అనుకున్నాను. మా అమ్మ మనిషిని చూసి వేస్తుంది, మరి కంప్యూటర్‌కు మనిషి కనిపించడు. కాబట్టి ఎవరి కొసరు వాళ్లనే రాసుకోనిస్తే సరి. బాషాతో చెప్పి ఆర్డరు కాగితం చివర ఒక గడి పెట్టించాను. మీకు కావలసిన కొసరు ఇక్కడ రాయండి, అని. అంతటితో ఊరుకోలేదు. ఎవరైనా మొహమాటపడి వదిలేస్తారేమోనని, ఆ గడి నింపకపోతే ఆర్డరు ముందుకు కదలకుండా చేయించాను. బాషా ఒక్క క్షణం ఆలోచించి, ఏదో తేడాగా ఉందిరా అన్నాడు. కస్టమర్ దేవుడని వాడికి ఉపన్యాసం ఇచ్చి నోరు మూయించాను.

ఇంటికొచ్చి ఈ సంగతి అమ్మకు చెబితే ఆమె పప్పు రుబ్బుతూ ఆగింది.

"వాళ్ల కొసరు వాళ్లే రాసుకుంటారా?"

"అవునమ్మా."

"రాసుకోమంటే రాసుకుంటార్రా," అని మళ్లీ రుబ్బడం మొదలుపెట్టింది. ఆ మాటలో ఎంత హెచ్చరిక ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు రోలు చప్పుడే వినిపించింది.

గురువారం సాయంత్రం బాషా సెంటర్‌లో ప్రింటర్ ఆగకుండా కాగితాలు కక్కుతోంది. నలభై ఏడు ఆర్డర్లు. నేను బాషాను ఎత్తుకుని తిప్పాను, వాడు నాకంటే లావైనా సరే. తర్వాత ఇద్దరం కూర్చుని చదవడం మొదలుపెట్టాం. ఒకాయన బ్యాంకులో ఆఫీసరు. ఆయన ఆర్డరు అరకిలో బెండకాయలు. ఆయన కొసరు, ఒక పెద్ద గుమ్మడికాయ. ఆయన పక్కింటివాళ్లది పావుకిలో మటిక్కాయలు, కొసరు రెండు కిలోల టమోటా. పద్మావతమ్మ గారు కిలో వంకాయలు రాసి, కొసరు గడిలో గుమ్మడికాయలు రెండు, నాకొకటి మా చెల్లెలికొకటి అని రాశారు. ఒకామె బీరకాయలు కిలో, కొసరు బీరకాయలు కిలో అని సూటిగా రాసింది. ఇంకొకాయన మీ ఆవు ఈనినప్పుడు జున్నుపాలు అని రాశాడు. ఇంకొకరు మా చిన్నోడికి మీ వైపు ఏదన్నా సంబంధముంటే చూడండి అని రాశారు. సెంటర్‌కు వచ్చి చెప్పినవాళ్ల మాటలను బాషా ఉన్నదున్నట్టు టైపు చేశాడు గనక, ఒక గడిలో ఇలా ఉంది. ఏందప్పా ఈ ధర, ఈ ధరకు గంపెడు టమోటాలన్నా ఎయ్యకపోతే ఎట్ల, మేమేమన్నా దుడ్లు చెట్టుకు కాయిస్తాండామా.

నేను ఎర్ర పెన్ను తీసుకుని ఆ వాక్యం పక్కన టమోటా, ఒక గంప అని రాసుకున్నాను. బాధ్యత గల మనిషిని కదా.

శనివారం పొద్దున కోతకు పోయే ముందు ఆ జాబితా నాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ చదివాడు. మళ్లీ మొదటి పేజీకొచ్చాడు.

"ఈయప్పకు అరకిలో బెండకాయలు అమ్మినావు."

"అవును నాయనా."

"గుమ్మడికాయ ఊరికే ఇస్తాండావు."

"కొసరు నాయనా."

"అయితే నువ్వు అమ్మతాండేది ఏంది?"

"కస్టమర్ సంతృప్తి నాయనా," అన్నాను. నేను చదివిన పుస్తకంలో అలాగే ఉంది మరి.

నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది ఏ కాలంలో కాస్తాదిరా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా పార భుజాన వేసుకుని మడికట్ల వైపు పోయాడు.

అసలు చిక్కు కొసరులోని గుమ్మడికాయలతో వచ్చింది. అందరూ కలిసి మొత్తం పంతొమ్మిది గుమ్మడికాయలు రాశారు. మా గట్ల మీద కోతకొచ్చినవి నాలుగే. ఇచ్చిన మాట తప్పకూడదు. నేనూ బాషా ఆటో వేసుకుని నంద్యాల మార్కెట్‌కు పోయి గుమ్మడికాయలు కొన్నాం. మా నాయన దగ్గర ఏళ్లుగా కూరగాయలు కొనే వ్యాపారి దగ్గరే కొన్నాం. ఆయన నన్ను గుర్తుపట్టి, మీ నాయన అమ్మితే నేను కొంటాను గాని, నేను అమ్మితే మీరు కొనేదేందప్పా, ఇంట్లో పెండ్లేమన్నా పెట్టుకున్నారా అని అడిగాడు. కొసరుకు అని చెప్పాను. ఆయన చెయ్యి తక్కెడ మీదే ఉండిపోయింది. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన జాలి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక రెండో ఆదివారం. ఆటో ఎంత నిండిందంటే బాషా పక్కన నేను ఒళ్లో రెండు గుమ్మడికాయలు పెట్టుకుని కూర్చోవాల్సొచ్చింది. మొదట బ్యాంకు ఆఫీసరు ఇంటికి పోయాం. అరకిలో బెండకాయల సంచి ఒక చేత్తో, పెద్ద గుమ్మడికాయ ఇంకో చేత్తో అందించాను. ఆయన నవ్వలేదు. కాయను అటూ ఇటూ తిప్పాడు. గోటితో గిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు.

"ఏముందప్పా దీంట్లో?"

"గుమ్మడికాయ సార్. మీరు రాసిందే."

"రాస్తే ఇచ్చేస్తావా? లోపల పుచ్చిందా ఏంది?"

లేదు సార్, మంచిదే, నిన్ననే మార్కెట్‌లో కొన్నానని చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. మీదే తోట అంటివే, మార్కెట్‌లో కొనుక్కొచ్చి తోటకాయలని అమ్మతాండావా అని ఆయన గొంతు పెంచాడు. పక్కింటి తలుపు తెరుచుకుంది. రెండు కిలోల టమోటా రాసిన ఆయన బయటికొచ్చి, తన సంచిలో నిజంగానే రెండు కిలోల టమోటా ఉండడం చూసి, ఇవి మందు కొట్టినవి అయ్యుంటాయి, లేకుంటే ఎందుకు ఊరికే పారేస్తారని తీర్మానించాడు. ఆ మాట మాకంటే ముందు వీధి చివరకు చేరింది. అయిదో ఇల్లు దాటేసరికి మేము పోయేలోపలే జనం గేట్ల దగ్గర నిలబడి ఉన్నారు, ఆదివారం తలస్నానం చేసిన జుట్లు ఆరబెట్టుకుంటూ. ఒక్కొక్కరూ వచ్చి తమ కొసరు ఆటోలో తిరిగి పెట్టడం మొదలుపెట్టారు. ఎవరికి వాళ్లు, తాము రాసిందాన్ని ఎందుకు తెచ్చావని నన్నే అడుగుతున్నారు. నాకు ఏడుపొచ్చేట్టుంది.

చివరికి పద్మావతమ్మ గారు వచ్చారు. నేను రెండు గుమ్మడికాయలూ రెండు చేతులతో అందించబోయాను. ఆమె తీసుకోలేదు. ఆమె కళ్లలో కోపం కంటే బాధ ఎక్కువగా కనిపించింది.

"నన్ను ముష్టిదాన్ని చేసినావు గదప్పా," అన్నారు.

"అయ్యో, మీరే రాసినారు గదా మేడం."

"రాసినా. అడిగేది నా పని. లేదనేది నీ పని. నువ్వు లేదంటే నేను ఇంకోటి అడుగుతా. నువ్వు దానికీ లేదంటావు. నేను పోతానంటా. నువ్వు పిలుస్తావు. చివరికి నాలుగు మిరపకాయలు నా సంచిలో వేస్తావు. అవి నేను గెల్చుకున్న మిరపకాయలు. నువ్వు ఒక్క మాట గూడా మాట్లాడకుండా రెండు కాయలు తెచ్చి పడేస్తే, నాకేం మిగిలింది?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పి ఉండరు. అయినా నా బుర్రకు సగమే ఎక్కింది. తక్కిన సగం సిగ్గుతో నిండిపోయి ఉంది.

పోయేటప్పుడు ఎంత బరువుందో, వచ్చేటప్పుడూ ఆటో దాదాపు అంతే బరువుగా ఉంది. ఇంటికి చేరి దించాక, పంతొమ్మిది గుమ్మడికాయలు వసారాలో వరసగా కూర్చుని నా వైపు చూశాయి. ఆ వారమంతా మా ఇంట్లో గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ వేపుడు, గుమ్మడికాయ పప్పు. నాయన ప్రతి పూటా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, సంతృప్తి బాగుందే ఈ పూట అనేవాడు. కూర వైపు చూడాలంటే భయమేసిందని మొదట్లో చెప్పింది ఇందుకే.

బుధవారం దాకా ఒక్క ఆర్డరూ లేదు. మామకు ఫోను చేసి నాకొక పరుపు సిద్ధం చేయమని నాయన చెప్పేశాడు. నేను బాషాకు ఫోను చేసి ఆ గడి పీకేయమన్నాను. అమ్మ పక్కనే ఉండి వింటోంది. ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"బాషా, గడి తియ్యొద్దు నాయనా. అడగనీ వాళ్లను," అంది. నా వైపు తిరిగి, "ఈ వారం నేనొస్తా ఆటోలో. ఆ మాట వాళ్లకు రాయి," అంది.

నేను కాలనీవాళ్లందరికీ ఈ-మెయిల్ రాశాను. పోయిన వారం జరిగినదానికి క్షమించండి. ఈ ఆదివారం కొసరు మా అమ్మ వేస్తుంది. అడిగినంత ఇవ్వబడదు. ఈ మూడో వాక్యం అమ్మ చెప్పి రాయించింది. ఆ వాక్యం చదివితే ఉన్న ఒకటీ అరా కూడా పోతారని నేను గింజుకున్నాను. గురువారం సాయంత్రానికి ముప్పై మూడు ఆర్డర్లు వచ్చాయి. కొసరు గడుల్లో కోరికలు మరీ పెరిగాయి. పద్మావతమ్మ గారు ఈసారి మూడు గుమ్మడికాయలు రాశారు.

ఆదివారం అమ్మ ఆటో ముందు సీటులో కూర్చుంది, ఒళ్లో చిన్న గంపతో. అందులో పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొత్తిమీర, కొన్ని నిమ్మకాయలు. వెనక సంచుల మధ్య ఒకే ఒక గుమ్మడికాయ, అందరికీ కనిపించేట్టు పెట్టించింది. పద్మావతమ్మ గారు గేటు తీసుకుని వచ్చారు. ఆమె నడకలోనే ఏదో కొత్త హుషారుంది.

"ఏమమ్మా, గుమ్మడికాయలు రాసింటి గదా, యాడ?"

"రాసింటివి తల్లీ, మావోడు చదివి వినిపించినాడు. లేవు."

"ఆడ కనపడతాండాది ఏంది మరి?"

"అది చూసేదానికి."

"సగమన్నా కొయ్యి."

"కత్తి తేలేదు."

"నీ కొడుకు పోయిన వారం రెండు కాయలు తెచ్చి ఇచ్చినాడు."

"వాడు పిచ్చోడు తల్లీ. వాని మాట ఎత్తొద్దు," అంది అమ్మ, నన్ను పక్కన పెట్టుకునే.

పద్మావతమ్మ గారు సంచి ఆటోలో పెట్టేశారు. నీ వంకాయలు నువ్వే పెట్టుకోమ్మా అని గిర్రున తిరిగి గేటు వైపు నడిచారు. నేను ఆమె వెనక పరిగెత్తబోయాను. అమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది. ఒక అడుగు. రెండు అడుగులు. మూడో అడుగు దగ్గర పద్మావతమ్మ గారు నిదానించి, బాగానే ఉన్న గాజులను మళ్లీ సర్దుకున్నారు.

"రా, రా టీచరమ్మా," అంది అమ్మ, ఎటో చూస్తూ. "బోణీ బేరం. నిన్ను ఉత్త చేతుల్తో పంపిస్తానా." పిడికెడు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు, ఒక నిమ్మకాయ సంచిలో పడ్డాయి.

"ఇంకో నిమ్మకాయ."

"లేదు," అంటూనే అమ్మ ఇంకొకటి వేసింది.

పద్మావతమ్మ గారి ముఖం చూడాలి మీరు. రాజ్యం గెలిచినట్టు వెలిగిపోయింది. ఇటు తిరిగితే అమ్మ ముఖం కూడా అలాగే ఉంది. నాకు మొదటిసారి అర్థమయింది, ఇన్నేళ్లూ సంతలో అమ్మ పంచుతున్నది మిరపకాయలు కాదని. ముప్పై మూడు ఇళ్లలోనూ అదే జరిగింది. మధ్యాహ్నం దాకా పట్టింది, ప్రతి గేటు దగ్గరా నవ్వులే. జున్నుపాలు అడిగినాయనకు కొత్తిమీర కట్ట దక్కింది, ఆయన దాన్ని పైకెత్తి వాళ్లావిడకు చూపించుకున్నాడు. సంబంధం అడిగినవాళ్లతో అమ్మ పావుగంట మాట్లాడి, పిల్లోడు ఏం చదివినాడో అన్నీ కనుక్కుని, చివరికి లేదంది.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నర. నా సంచి వాకిట్లో ఉంది. నాయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఆయన తీర్పులో అన్యాయమేమీ లేదు.

"మూడిట్లో రెండు ఓడినావు. గెలిచిన ఒకటి గూడా మీయమ్మ గెలిచింది. బస్సుకు టైమయింది, బయల్దేరు."

వేరే రోజైతే నేను అలిగేవాడిని, లేదంటే ఏడ్చేవాడిని. ఆ రోజు నా నోరు తనంతట తాను ఒక మాట అంది.

"ఒక సంవత్సరం ఇయ్యి నాయనా."

"ఏంది?"

"సంవత్సరం."

"మూడు ఆదివారాలు ఇచ్చింటి. అయిపోయినాయి. లేదు."

"పోనీ ఆరు నెలలు."

"లేదని చెప్తాండా గదా."

"అయితే పోతాలే," అని సంచి భుజాన వేసుకున్నాను. "మామ ఆపరేషన్ కథ వినీ వినీ నేనే డాక్టరునైతా."

రోడ్డు వైపు నడిచాను. ఒక అడుగు. రెండు అడుగులు. వెనక చప్పుడు లేదు. మూడో అడుగు దగ్గర ఆగి, బాగానే ఉన్న సంచి పట్టీని మళ్లీ సర్దుకున్నాను. నిజం చెబుతున్నాను, నా బతుకులో అంత భయపడిన క్షణం ఇంకొకటి లేదు. నాలుగో అడుగు వేయాల్సొస్తే ఏం చేయాలో అమ్మ నేర్పలేదు.

"రా, రా," అన్నాడు నాయన. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నన్ను కాకుండా కాలువను చూస్తున్నాడు. "మూన్నెల్లు. అంతకుమించి ఒక్క దినం లేదు."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "కొసరు ఎయ్యకుండా పంపిస్తావా బిడ్డను?"

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నవ్వును కూడా దాంతోనే తుడుచుకున్నాడని నా అనుమానం.

"నాలుగు," అన్నాడు.

ఆ నాలుగు నెలలూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి పాఠక మహాశయులారా, అహోబిలం నరసింహస్వామి మీద ఆన పెట్టి, చెయ్యి చాపి చెబుతున్నాను. ఈ ప్రాణం ఉన్నంతవరకు ఎవరు ఏమడిగినా అడిగినంతా ఒక్క దెబ్బకు ఇవ్వను. భార్య చీర అడిగినా, పిల్లలు సైకిలడిగినా, రక్తదానం వాళ్లొచ్చి ఒక్క సీసా అడిగినా సరే, ముందు లేదంటాను, మూడడుగులు వేశాక పిలుస్తాను. ఇంత ఓపికగా చదివారు గనక మీరిప్పుడు ఇంకో పేజీ కొసరు వేయమంటారు. లేదండీ. అయిపోయింది. గీసి గీసి రాసినా ఇంతే.

అదేమిటి, లేచిపోతున్నారు? ఎన్ని అడుగులేశారు?